గోడ మీద సగం ఇంటూ

గవర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. సర్వే శాఖలో రిటైరై, కుర్రకారుకి పటాలు గీయడం నేర్పుతున్న మనిషి. నేను ఆయన శిష్యుణ్ణి కాను. పటం చేతికిస్తే ఉత్తరం ఎటో తెలియక దాంతోపాటు నేనూ గిరగిరా తిరిగే రకాన్ని. అయినా ఆయన చెప్పులు వేసుకున్నప్పుడల్లా వెంటపడతాను. ఆయన జవాబులు ఎక్కువగా టిఫిన్ దొరికే చోటే ఉంటాయి మరి.

ఆ ఉదయం అడిగింది భానోజీ. జిల్లా ఆఫీసులో కంప్యూటర్ మీద పటాలు తయారుచేసి అన్ని శాఖలకూ పంపే ఉద్యోగం అతనిది. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే.

"ఏంటి మాస్టారూ ఈ గోల? పటంతోపాటు మెటాడేటా కూడా ఇవ్వాలట. ఎవరు గీశారు, ఏ రోజు గీశారు, ఎందుకు గీశారు, దేనికి పనికిరాదు... ఇవన్నీ నింపుతూ కూర్చుంటే పటం పంపేదెప్పుడు? అంత నీలంగా కనిపిస్తుంటే నీళ్ళని వేరే చెప్పాలా?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

పైడమ్మ హోటల్ దగ్గర జనం మూగి ఉన్నారు. హోటలంటే ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఆవిడ బతుకూ. మున్సిపాలిటీ ఆయన ఎర్రరంగు డబ్బా పట్టుకుని గోడ మీద ఇంటూ గుర్తు వేస్తున్నాడు. ఒక గీత అప్పటికే పడింది. రెండోది కూడా పడిన గోడని కూల్చడానికి మర్నాడే పొక్లెయిన్ వస్తుందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

"నీ హోటల్ చెరువులో ఉందమ్మా," అన్నాడాయన పటం చూపిస్తూ.

"చెరువేటి బాబూ!" పైడమ్మ అట్లకాడ ఎత్తింది. "బిందెడు నీళ్ళకి ట్యాంకరోడి కాళ్ళట్టుకుంతన్నాను. నా కొట్టు చెరువులో ఉంటే ఇడ్లీలెందుకు, చేపలే అమ్ముకుందును కదా!"

"పటంలో నీలంగా ఉంది. గవర్నమెంటు పటం. నన్నేం చెయ్యమంటావ్?"

భానోజీ పటంలోకి తొంగిచూశాడు. మొహంలో కళ దిగిపోయింది.

"సార్, ఇది చెరువు కాదండీ. మొన్నటి తుఫాను మర్నాడు నీళ్ళు ఎంతవరకు నిలిచాయో చూపించే పటం. పడవలు ఎటు పంపాలో తెలియడానికి నేనే గీశాను."

"అలాగని ఇందులో ఎక్కడుంది?"

భానోజీ పటాన్ని ముందూ వెనకా తిప్పాడు. "రాయలేదండీ. నాకు తెలుసు."

"నీకు తెలిస్తే? నీ తలకాయ తెచ్చి నా ఫైలుకి కుట్టుకోమంటావా?"

జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నీలం చూసి నేనైతే ఈతకి దిగేవాణ్ణని ఎవరికీ చెప్పలేదు. పైడమ్మ మాత్రం నవ్వలేదు. అట్లకాడ దించి భానోజీ వైపు చూసింది.

"అయితే బాబూ, నువ్వు గీసిన నీళ్ళలోనేనా నాను ములిగిపోతన్నది?"

భానోజీ జేబులోంచి పెన్ను తీశాడు. అక్కడే బల్ల మీద కూర్చుని పటం అంచున రాయడం మొదలుపెట్టాడు: ఏ తుఫాను, ఏ రోజు, ఎవరు గీశారు, ఎందుకు. చివర 'చెరువు హద్దుగా వాడరాదు' అని రాసి సంతకం పెట్టాడు. మున్సిపాలిటీ ఆయన అది చదివి, గోడ వైపు చూసి, రంగు డబ్బాకి మూత పెట్టేశాడు.

"ఇదే మాట మీ ఆఫీసు నుంచి రావాలి. అందాకా ఒక గీతతో ఆపుతాను."

ఇడ్లీలు వచ్చాయి. నేను నా జవాబు తినడం మొదలుపెట్టాను.

"ఈ పటం ఇంకా ఎవరెవరికి వెళ్ళింది?" అని అడిగారు మాస్టారు.

"అన్ని శాఖలకీ వెళ్ళిందండీ," అన్నాడు భానోజీ, ప్లేటులోకి చూస్తూ.

మాస్టారు ఇడ్లీ తుంచి చట్నీలో అద్దారు.

"పైడమ్మా, ఈ అబ్బాయికి ఆ గోడ పక్కన ఒక స్టూలు వేయించు. పటం పట్టుకుని వచ్చే ప్రతివాడికీ ఇతనే చెప్పుకోవాలి."