ఇసుక మీద చెప్పని గురుతు

అనగనగా, ఉప్పుగాలికి ఏ తలుపూ సరిగ్గా పడని ఒక ఊరు. పేరు గవ్వలపాలెం. తలుపులు పడవు కనక ఆ ఊళ్ళో రహస్యాలు నిలవవు. ఎవరింట్లో కూర మాడినా, ఆ గిన్నె తోమేలోపు ఊరంతటికీ తెలిసిపోతుంది. తెలియనిది ఒక్కటే ఉండేది. ఈ కథ దాని గురించే.

ఊరికి తొమ్మిది పడవలు. తొమ్మిది పడవలకు వాటిని నడిపే తొమ్మిదిమంది సరంగులు. ఎవరిని అడిగినా ఊరు మొత్తం మీద అసలైన సరంగు తానే.

ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ళ కింద రాళ్ళ వరస ఉంది. ఆ వరసలో రెండు పడవల వెడల్పున ఒకే ఒక్క దారి. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజున ఆ దారి నీటి రంగును బట్టి తెలుస్తుంది. కెరటాలు లేచిన రోజున కనుచూపు మేరా తెల్లటి నురగే. అప్పుడు గట్టు మీద గురుతు చూసుకుని పడవ నడపాలి. గురుతు తప్పితే రాళ్ళే.

ఆ గురుతును ప్రతి తండ్రీ తన పెద్దకొడుక్కి పడవలో కూర్చోబెట్టి, నీటి మీద మాత్రమే, చెవిలో చెప్పేవాడు. ఇసుక మీద చెప్పకూడదు. చెబితే గాలి దాన్ని పక్కింటికి మోసుకుపోతుందని నమ్మకం. తలుపులు పడని ఊళ్ళో అలాంటి నమ్మకం పుట్టడంలో వింతేమీ లేదు.

అందువల్ల దారి తనకొక్కడికే తెలుసుననీ, మిగతా ఎనమండుగురూ తన వెనకే వస్తున్నారనీ ప్రతి సరంగూ అనుకునేవాడు. వాళ్ళలో ఒకడైన ఊరిపెద్ద తవిటయ్య అయితే అప్పుడప్పుడు మిగతావాళ్ళను తలచుకుని జాలిపడేవాడు కూడా.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు ఓలేసు. అతని భార్య దేముడమ్మ. ఆ ఊరి సరంగే అయిన ఆమె తండ్రికి మగపిల్లలు లేరు. ఆమెకు పదేళ్ళప్పుడు ఆయన ఆమెను పడవలో కూర్చోబెట్టి, పడవను మోకాటి లోతు నీళ్ళలోకి తోసి, నలువైపులా చూసి చెప్పాడు.

"దిబ్బ మీద జంట తాటిచెట్లు ఉన్నాయి కదమ్మా. సముద్రంలోంచి చూస్తే ఆ రెండిటి నడుమా కొండ నెత్తి సరిగ్గా ఇమడాలి. అదే దారి. రేపు నీ కొడుక్కి చెప్పు. ఇంకెవరికీ చెప్పకు."

దేముడమ్మకు కొడుకు పుట్టలేదు. కూతురూ పుట్టలేదు. తండ్రి పోయాడు. ఆ మాట ఆమె దగ్గరే ఉండిపోయింది. ఓలేసుకు తన తండ్రి చెప్పిన గురుతు వేరే ఉంటుంది కదా అనుకుని ఆమె అడగలేదు. అతడూ చెప్పలేదు. పన్నెండేళ్ళు ఒకే కుండలో అన్నం తిన్నారు.

ఒకనాడు పట్నం నుంచి ఎద్దుబండి వచ్చి ఆగింది. అందులోంచి విస్సన్న అనే గుమాస్తా దిగాడు. పట్నంలో మాణిక్యం శెట్టి అనే వర్తకుడు ఉన్నాడు. సముద్రపు గాలి కావాలనే కలవారికి విడిది ఇళ్ళు కట్టి అమ్మాలని ఆయన ఆలోచన. కొనేవాళ్ళకు చదివి వినిపించడానికి ఊరి వర్ణన ఒకటి రాసుకు రమ్మని గుమాస్తాను పంపాడు.

విస్సన్న బోర్లించిన పడవ మీద కూర్చుని కాగితం తీశాడు. మీ ఊళ్ళో ఏమున్నాయి, చెప్పండి అన్నాడు.

అడిగినదే తడవు ఊరంతా చెప్పింది. ఈ గాలికి ఎంతటి రొంపైనా మూడురోజుల్లో పోతుందని తవిటయ్య దగ్గుతూ చెప్పాడు. ఊళ్ళో తగాదాలన్నవే లేవని ఒకాయన అన్నాడు. ఆరేళ్ళుగా ఆయనతో మాటల్లేని తమ్ముడు అల్లంత దూరాన నిలబడి నిజమేనని తల ఊపాడు. నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని ఆడవాళ్ళు ఒక చెంబు తెచ్చి ఇచ్చారు. విస్సన్న ఒక గుక్క తాగి, మర్యాద తెలిసినవాడు కనక, చెంబు పక్కన పెట్టాడు.

అన్నీ రాసుకుని చివర ఒకటి అడిగాడు. ఆ దిబ్బ మీది తాటిచెట్లు దేనికి పనికొస్తాయని.

"చెట్లా?" అన్నాడు తవిటయ్య. "ఏ చెట్లు బాబూ?"

గవ్వలపాలెంలో కంటికి ఆనే చెట్లు ఆ రెండే.

విస్సన్న ఇలా రాసుకున్నాడు. 'గవ్వలపాలెం. పట్నానికి ఒక పగటి ప్రయాణం. తూర్పున సముద్రం, పడమట కొండ. గాలి ఆరోగ్యకరం, నీరు మధురం, జనులు కలుపుగోలువారు. ఇసుకదిబ్బ మీద నుంచి చూపు మనోహరం. దిబ్బపై రెండు పనికిరాని తాటిచెట్లు కలవు. తీసివేయవచ్చును.'

నెల తిరక్కుండా విస్సన్న మళ్ళీ వచ్చాడు. శెట్టిగారు దిబ్బను దివాణం దగ్గర కొన్నారని, తాటిచెట్లు కొట్టించి ఇంటి దూలాలకు వాడుకుంటారని చెప్పాడు. ఊరి ఉమ్మడి చోట చెట్టు కొట్టాలంటే ఊరిని మూడుసార్లు అడగాలన్నది దివాణం వారి కట్టడి. మొదట వచ్చినప్పుడు అడిగింది ఒకటి. ఇది రెండు.

సరంగులు తొమ్మిదిమందీ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ పూట చేసినంత శ్రద్ధగా వాళ్ళు వలపని ఎన్నడూ చెయ్యలేదు. ఒక్క తల పైకి లేవలేదు. కొట్టవద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే తన గురుతు ఎనిమిది ఇళ్ళ పాలవుతుంది. ఎవరికి వారు ఈ లెక్కే వేసుకుని, ఇంకేదైనా కారణం చూపి మిగతావాళ్ళే వద్దననీ అని ఊరుకున్నారు.

దేముడమ్మ పక్కనే ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. నాన్న చెట్లు, అనుకుంది. అంతలోనే, నాన్న లేడు, నాన్న పడవ లేదు, ఇప్పుడు ఆ గురుతుతో వచ్చేవాడెవడు, అనుకుంది. పోతే తన తండ్రి మాట ఒకటి పోతుంది, ఎవరి ప్రాణమూ పోదు. అలా మనసుకు నచ్చజెప్పుకుని చేపను రెండోవైపు తిప్పింది.

మూడోసారి విస్సన్న డప్పుతో వచ్చాడు, వెనక గొడ్డళ్ళతో నలుగురు. డప్పు మోగించి, ఈ చెట్లతో ఎవరికైనా అవసరం ఉంటే ఇప్పుడే చెప్పండి, ఇదే ఆఖరు, అన్నాడు. అని ఆగాడు. మంచివాడు, కాస్త ఎక్కువసేపే ఆగాడు.

దేముడమ్మ ఓలేసు వైపు చూసింది. ఓలేసు అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఇద్దరూ ఒక్కసారే తలలు దించుకుని ఇసుకను చూశారు.

మధ్యాహ్నానికి దిబ్బ బోడిదైపోయింది.

ఆ సాయంత్రం ఓలేసు కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఏటి మావా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. నువ్వు తిన్నావా?"

"నాకు ఆకలి లేదు."

"నాకూ అంతే," అన్నాడు అతడు.

చేపల పులుసు పిల్లి తిన్నది. మర్నాటికల్లా, ఓలేసూ దేముడమ్మా పోట్లాడుకున్నారని ఊరంతా అనుకుంది. తలుపు పడదు కదా. లోపల ఏమీ మాట్లాడుకోలేదన్న సంగతి కూడా బయటికి వినిపిస్తుంది, కానీ దాన్ని ఎవరూ సరిగ్గా వినరు.

ఆ తరవాత కొన్నాళ్ళు సముద్రం మెత్తగానే ఉంది. పడవలు నీటి రంగు చూసుకుని వచ్చాయి. తరవాత ఒక రోజున, పడవలు వేటలో ఉండగా, ఆకాశంలో మబ్బుతునకైనా లేకుండానే కెరటాలు లేచాయి. నడిపొద్దుకు రాళ్ళ వరస పొడుగునా నురగ లేచి గోడలా నిలబడింది. ఆడవాళ్ళంతా ఒడ్డుకు చేరారు.

తొమ్మిది పడవలూ నురగకు ఆవల ఆగిపోయాయి. ఏ పడవా ముందుకు రాలేదు. తవిటయ్య పడవ ఓలేసు పడవ కోసం చూస్తోంది, ఓలేసు పడవ ఇంకొకరి కోసం చూస్తోంది. ఇన్నాళ్ళూ మిగతావాళ్ళు తన వెనక వస్తున్నారనుకున్నవాళ్ళు, ఆ రోజు ఎవరి వెనకైనా పోదామని చూశారు. ముందు పోయేవాడు లేడు.

అప్పుడు దేముడమ్మ ఒకటి గమనించింది. పడవల్లో నిలబడినవాళ్ళంతా దిబ్బ వైపే ముఖాలు తిప్పి ఉన్నారు. ఒకరు కాదు, తొమ్మిది పడవలవాళ్ళూ. లేని చెట్ల కోసం అందరూ వెతుకుతున్నారు.

ఆమెకు అంతా అర్థమైంది. చెప్పాలని నోరు తెరిచింది. కాళ్ళ కింద ఇసుక. ఇసుక మీద చెప్పకూడదు. ఆ ఒక్క తలపు ఆమెను ఆపింది. ఎంతసేపో కాదు, ఒక కెరటం లేచి విరిగేంతసేపు.

ఆ కాస్తలో ఒక పడవ ముందుకు కదిలింది. దాని తెరచాప మూలన ఎర్రగుడ్డ మాసిక. ఆ మాసిక దేముడమ్మ తన చేత్తో కుట్టినది. ఎవరో ఒకరు ముందు పోవాలి కదా అనుకున్నట్టుంది ఓలేసు. ఉజ్జాయింపున వచ్చాడు. దారికి మూడు బారల ఎడంగా వచ్చాడు.

పడవ విరిగిన చప్పుడు ఒడ్డుకు వినబడలేదు. తెరచాప ఒరగడం కనబడింది.

అప్పుడు దేముడమ్మ అరిచింది. ఇసుక మీద నిలబడి, ఊరందరి మధ్యనా, తండ్రి చెవిలో చెప్పిన మాట గొంతెత్తి చెప్పింది. జంట చెట్ల నడుమ కొండ నెత్తి, అదే దారి, మొదళ్ళ దగ్గర గడలు నిలబెట్టండి, అని. ఆడవాళ్ళు వలలు ఆరేసే సరుగుడు గడలు పీక్కుని దిబ్బ ఎక్కారు. ఒంటిమీది పైటచెంగులు చింపి గడల కొసలకు కట్టారు. రెండు తాటిమొద్దుల దగ్గర రెండు గడలు ఎత్తి పట్టుకున్నారు. ఒకటి దేముడమ్మ పట్టుకుంది. గాలికి గడ ఊగుతుంటే గుండెకు ఆనించి నిలబెట్టింది.

ఒకదాని వెనక ఒకటి ఎనిమిది పడవలు ఆ గీత పట్టుకుని లోపలికి వచ్చాయి.

ఓలేసు పడవలో ఉన్న అతని తమ్ముడు ఎల్లాజీ ఒక చెక్క పట్టుకుని ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. ఓలేసు చేరలేదు.

దిగిన సరంగులు మొదట అన్న మాట ఏమిటో చెబితే మీరు నమ్మరు. తవిటయ్య తడిబట్టలతో దిబ్బ ఎక్కి వచ్చి, "మా ఇంటి గురుతు నీకెవరు చెప్పారే?" అన్నాడు. వెనకనే మిగతా ఏడుగురూ, అది మా ఇంటిది, మా ఇంటిది, అన్నారు. అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఎల్లాజీ వణుకుతూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"వదినా, అన్న ఇవాళే నాకు గురుతు చెప్పాడు. నీటి మీద ఉన్నాం కదా, ఇప్పుడు చెప్పొచ్చు అన్నాడు. జంట తాటిచెట్లు అన్నాడు. డప్పు మోగిన రోజే నోరు విప్పవలసింది అన్నాడు."

దేముడమ్మ ఏడవలేదు. గడ వదలలేదు. కింద ఆఖరి పడవను ఒడ్డుకు లాగి కట్టేదాకా అలాగే నిలబడింది. తరవాత మెల్లగా అంది.

"పన్నెండేళ్ళు, ఎల్లాజీ. ఒకే ఇంట్లో. ఇద్దరి దగ్గరా అదే మాట."

పదిరోజులకు విస్సన్న ఇల్లు కొనబోయే ఇద్దరు కలవారిని వెంటబెట్టుకు వచ్చాడు. జరిగింది విని కాగితం తీయలేకపోయాడు. తప్పు తనది కాదని అనుకోలేకపోయాడు కూడా.

"నేను మూడుసార్లు అడిగానమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"అడిగారు బాబూ," అంది దేముడమ్మ. "మూడుసార్లూ మేమే చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. రాసుకోండి."

ఆమె చెప్పింది, అతడు రాశాడు. 'గవ్వలపాలెం. తూర్పున సముద్రం. ఒడ్డుకు దగ్గరలో నీళ్ళ కింద రాళ్ళు ఉన్నాయి. నూతి నీరు వేసవిలో ఉప్పన. ఇసుకదిబ్బ మీద రెండు గడలు ఉన్నాయి. తొమ్మిది ఇళ్ళ ప్రాణాలు వాటి నడుమ నుంచే ఇంటికి వస్తాయి. తీసివేయకూడదు.'

నీటి సంగతి దగ్గర తవిటయ్య ఏదో అనబోయి, దగ్గి ఊరుకున్నాడు.

ఆ కాగితం చదివించుకున్నాక ఆ దిబ్బ మీద ఇల్లు కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. శెట్టి దిబ్బను ఊరికే వదిలేసి, చూపు బాగున్న ఇంకో ఊరు వెతుక్కున్నాడు. అక్కడి చెట్ల సంగతి మనకు తెలియదు.

ఊరివాళ్ళు మొద్దుల పక్కన తాటిటెంకలు పాతారు. తాటిచెట్టు కడలిలోకి కనిపించేంత ఎదగాలంటే ఒక తరం పడుతుంది. అందాకా గడలే. గాలికి గుడ్డ చిరిగినప్పుడల్లా దేముడమ్మ దిబ్బ ఎక్కి కొత్తది కట్టేది. ఒక గడకు పాత చీరముక్క. రెండోదానికి ఓలేసు తలపాగా ముక్క. అది అయిపోయిన ఏడు ఎల్లాజీ తన తలపాగా విప్పి ఇచ్చాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్తవాడెవడైనా మొదటిసారి వేటకు పోయే పొద్దున, తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఇసుక మీద చేరి, గురుతును అందరూ కలిసి గట్టిగా చెబుతారు. గాలి మోసుకుపోతే పోనీ అంటారు. తలుపులు మాత్రం ఇంకా సరిగ్గా పడవు.

నీతి: నలుగురికీ ఆధారమైనదాన్ని ఎవరికి వారు తమ రహస్యమని దాచుకుంటే, అది పోయేనాడు కాపాడడానికి ఒక్క నోరూ లేవదు. అడిగినప్పుడు చెప్పని నిజాన్ని తరవాత ఎంత అరిచి చెప్పినా, దానివల్ల పోయినవాడు తిరిగి రాడు.