కొట్టేవాణ్ణి గుర్తుపట్టడం

దర్గాలో పనిచేసే జిలానీకి ఒకటే గర్వం. చెవుల్లో గొంతులు వినిపించే జబ్బుతో దర్గాకు వచ్చినవాణ్ణి చూడగానే, వీడు కొడతాడో కొట్టడో చెప్పేస్తానని. కళ్లు అటూ ఇటూ తిప్పితే కాళ్లకు గొలుసు. తనలో తాను మాట్లాడుకుంటే గొలుసు. పిలిస్తే పలక్కపోయినా గొలుసే. "జిలానీ భాయ్ చెప్పాడంటే తిరుగులేదు" అనేవాళ్లు జనం. సిగ్గులేని జనం. అందులో మనమూ ఉన్నాం.

ఆ గురువారం సుంకమ్మ తన తమ్ముడు మద్దిలేటిని తీసుకొచ్చింది. ముప్పై ఏళ్లవాడు. ఎవరూ లేని వైపు తిరిగి "రాను, పోండి" అంటున్నాడు. జిలానీ గొలుసు అందుకున్నాడు.

"కట్టొద్దు నాయనా. డాక్టరు స్కిజోఫ్రీనియా అన్యాడు, బిళ్లలు మింగుతాండాడు. మొక్కుంటే వచ్చినాం. వాడు నా చేతి కూడు తప్ప తినడు. ఇక్కడ కట్టేయిస్తే నన్నూ నమ్మడు."

"కొడతాడమ్మా. ఆరేళ్లుగా చూస్తున్నా, నాకు తెలీదా?"

జిలానీ గురువు, ముసలి పీర్ సాహెబ్, లోపల్నుంచి వచ్చాడు. శిష్యుడి చేతిలో కొబ్బరినూనె గిన్నె పెట్టాడు.

"ఇక్కడ దెబ్బలు తగిలినవాళ్లందరికీ రాసి రా, బేటా. తర్వాత కడుదువుగాని."

జిలానీ దర్గా అంతా తిరిగాడు. వంటవాళ్లకు గీత కూడా లేదు. ఊడ్చేవాళ్లకు లేదు. మొక్కులకు వచ్చినవాళ్లకు లేదు. పుండ్లున్నది గొలుసుల్లో ఉన్న పదకొండు మందికి. అన్నీ చీలమండల దగ్గరే, తోలు లేచిపోయి.

తిరిగొచ్చి తన మణికట్టు చూపించాడు. "నాకూ ఉంది బాబా. పోయిన నెల ఒకడు కొరికాడు."

"ఎప్పుడు?"

జిలానీ మణికట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పుడు కొరికాడ్రా?"

"గొలుసు వేస్తుంటే."

పీర్ సాహెబ్ సుంకమ్మ వైపు తిరిగాడు. "తల్లీ, నీ తమ్ముడు ఇంతవరకూ ఎవర్నైనా కొట్టాడా?"

"లేదు సామీ. కొట్టించుకున్యాడు. మా ఊర్లో పిల్లోళ్లు గూడా రాళ్లేస్తారు."

"ఈ ఒక్క మాట ఆరేళ్లలో ఎవర్నైనా అడిగావా?" అన్నాడు గురువు.

జిలానీ తల వాలిపోయింది. గొలుసు పక్కన పెట్టేసి, మద్దిలేటి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దాహంగా ఉందా అన్నా?" అని భుజం మీద వేద్దామని చెయ్యెత్తాడు.

మద్దిలేటి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు.

జిలానీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇతనూ చూడగానే చెప్పేస్తాడు" అన్నాడు పీర్ సాహెబ్.