నక్క బడికి ఉడుత పెట్టిన షరతు

ఇప్పపూలు రాలే నెలలో ఆ అడవికి పూర్తిగా మెలకువ వచ్చేది కాదు. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఆ మంచులోంచి పూలు ఒక్కొక్కటే మెత్తగా జారుతుంటే, ఆ తీపి వాసనకి, నడిచేవాళ్లు కూడా కలలో నడుస్తున్నట్టే ఉండేవారు. ఎండబెట్టిన ఇప్పపువ్వే అక్కడ తిండి, అదే జీతం, అదే ఫీజు. మోదుగాకు దొప్పతో కొలుచుకునేవారు.

వరహాలు అనే పడుచు ఉడుత ఆ ఉదయం తనకి దొరికిన మొదటి పువ్వుని వనదేవత రాతి మీద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. పోయిన వానల్లో వాళ్ల నాన్న కాలికి ముల్లు దిగింది. కడిగి కట్టు కట్టడం తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేక, ఆ చిన్న ముల్లే ఆయన్ని తీసుకుపోయింది. అప్పటినుంచి వరహాలుకి నర్సు చదువు మీదే మనసు. కళ్లు మూస్తే చాలు, తెల్ల టోపీ పెట్టుకుని కొమ్మకొమ్మకీ మందు మోసుకెళ్తున్నట్టు కనిపించేది.

"నక్క మాస్టారి నర్సు బడిలో చేరతానమ్మా," అంది తల్లితో.

"ఆ కొండమీద బడా? ఫీజు నలభై దొప్పలంట గదే. మన తొర్రంతా దులిపినా పది రావు."

"ఇప్పుడేం కట్టక్కర్లేదంట. ఉద్యోగం వచ్చాక నెలకి రెండు దొప్పలు కడితే చాలంట. అంతవరకు తొర్ర తాకట్టు పెట్టుకుంటారు."

తల్లి తోక దగ్గరికి ముడుచుకుంది. తొర్రలో తండ్రి పోయాక పుట్టిన, ఇంకా కళ్లు తెరవని పిల్లలిద్దరున్నారు. వానలొస్తే వాళ్లకి ఆ తొర్ర తప్ప వేరే నీడ లేదు.

"చేరేముందు అక్కడ చదివినవాళ్లని ఓసారి అడుగు తల్లీ," అంది.

వాగు దగ్గర పోలమ్మ అనే అడవికోడి ఉండేది. నిరుడే నక్క బడిలో చదివి, కుందేళ్ల కాన్పులు చూస్తోంది. వరహాలు వెళ్లేసరికి కట్టుగుడ్డలు ఆరేస్తోంది.

"పిన్నీ, నెలకెంతొస్తోంది నీకు?"

"మూడు దొప్పలు."

"మాస్టారు ఆరని చెప్పారే."

"ఆరు నెమలికి. సింహం గుహలో పని దానిది. పన్నెండుమందిమి చదివితే ఆరొచ్చేది దానికొక్కదానికే. నాకు వచ్చే మూడింట్లో రెండు కొండెక్కిపోతాయి. మిగిలిన దొప్ప నేను తినాలా, పిల్లలకి పెట్టాలా? ఒక్క నెల ఆగమంటే గూడు ఖాళీ చేయమన్నాడు."

"మరి చిత్తడినేల దగ్గర గేదె అక్కమ్మత్త బడిలో చదివినవాళ్లకో?"

"వాళ్లకీ మూడే. అక్కడ ఫీజు ఆరు దొప్పలు. కట్టు శుభ్రంగా ఉందా అని చూస్తారు గానీ, ఎక్కడ నేర్చుకున్నావని ఏ కుందేలు అడుగుతుందే?"

వరహాలు చిత్తడినేలకి వెళ్లింది. మంచులో ముందు రెండు కొమ్ములు కనబడ్డాయి, ఆ తర్వాత గేదె.

"అత్తా, నీ దగ్గర చదివితే ఎంతొస్తుంది?"

గేదె నెమరు ఆపి ఆలోచించింది. "మొదటి ఏడు రెండున్నర. ఆ తర్వాత మూడు. పోయినేడు పదిమంది చేరారు. ఇద్దరు మధ్యలో మానేశారు, ఒకడు పరీక్ష తప్పాడు. మిగతా ఏడుగురికీ పని దొరికింది. వాళ్ల గూళ్లు చెప్తాను, వెళ్లి అడుగు."

"మరి కొండమీద బడికున్నట్టు మీ బడికి గేటు లేదేం?"

"కొమ్ములున్నాయి గదమ్మా, చాలవూ?"

అన్నీ విన్నా, వరహాలు మనసు కొండవైపే లాగింది. ఆ మర్నాడు చేరికల రోజు. కొండమీద బడి గేటు నిండా నెమలి ఈకలు మెరుస్తున్నాయి. గేటు పక్కన నెమలి, మెడలో పూలదండ, ముందు ఆరు నిండు దొప్పలు. చూస్తుంటే కాళ్లకింద నేల తేలిపోతున్నట్టుంది. వరసలో ముళ్లపంది, దుప్పి, ఇంకా బోలెడుమంది నిలబడ్డారు. తడిమట్టి పలక మీద పాదం అద్దితే చేరినట్టే, అప్పు ఒప్పుకున్నట్టే.

"రామ్మా వరహాలూ," అన్నాడు నక్క, గొంతులో తేనె పోసుకుని. "నీలాంటి దయగల పిల్లలే కావాలి నాకు. ఇదిగో, ఇక్కడ అద్దు."

పాదం మట్టిదాకా వెళ్లింది. చల్లదనం తగిలింది. తొర్రలో కళ్లు తెరవని ఆ రెండు మొహాలు గుర్తొచ్చి, పాదం ఆగింది.

"మాస్టారూ, ఇక్కడ చదివితే నెలకి ఆరు ఖాయమే కదండీ?"

"ఖాయం. నెమలిని చూడు."

"అయితే నాదొక మనవి. తొర్ర తాకట్టు వద్దు. ఉద్యోగం వచ్చాక నెలకి రెండు దొప్పలు మా ఇంటికి ఉంచుకుంటాను. ఆపైన ఎంతొస్తే అంతా మీదే, ఏడాది పొడుగునా. ఆరొస్తే నెలకి నాలుగు మీకు. పన్నెండు నెలలకి నలభై ఎనిమిది. మీరడిగింది నలభయ్యే."

వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు.

నక్క దగ్గాడు. "చదువుల తల్లి దగ్గర బేరాలేంటమ్మా?"

"బేరం కాదండీ, ఎక్కువే ఇస్తున్నాను."

"అంటే... ఒకవేళ ఆరు రాకపోతే?"

అన్నాక గానీ ఏమన్నాడో నక్కకే తెలియలేదు. ముళ్లపంది నెమ్మదిగా ముళ్లు సర్దుకుంది. "అదేంటి మాస్టారూ, ఇప్పుడేగా ఖాయమన్నారు? ఎనిమిది దొప్పలు ఎక్కువొస్తుంటే మొహం అలా వాడిపోయిందేంటండీ?"

"రూల్సు ఒప్పుకోవు," అన్నాడు నక్క.

"మీ రూల్సేగా అవి," అంది దుప్పి, వరసలోంచి పక్కకి జరుగుతూ.

మంచులో ఒక్కొక్కరే కొండ దిగడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. అలా కరిగిపోయారంతే. చివరికి గేటు దగ్గర ఇద్దరే మిగిలారు. నెమలి దండ తీసి నక్క చేతిలో పెట్టింది.

"మాస్టారూ, ఇవాళ ఇక్కడ నిలబడ్డందుకు ఇస్తానన్న రెండు దొప్పలు?"

"ఎవరూ చేరలేదు కదే!"

"నిలబడితే ఇస్తానన్నారు. చేరితే అనలేదే," అని, అక్కడున్న ఆరింట్లోంచి రెండు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం చిత్తడినేల ఒడ్డున, ఫీజు కట్టి కూర్చున్న కొత్త పిల్లల్లో వరహాలు ముందు వరసలో ఉంది. ఎండ పలచగా మంచులోంచి దిగుతోంది. గేదె అక్కమ్మ ఒక కాలు ముందుకు చాపి, మొదటి పాఠం మొదలుపెట్టింది.

"ముల్లు ఎంత చిన్నదైనా సరే, ముందు చేతులు కడుక్కోవాలి. రండి, కడగండి."

నీతి: చదివితే ఇంతొస్తుందని చెప్పేవాడు ఆ మాటని తనే నమ్ముతున్నాడో లేదో, తన ఫీజు దానిమీదే పెట్టమన్నప్పుడు తెలుస్తుంది.