చేమాకు ఎందుకు తడవదు

ఒకప్పుడు చేమాకు కూడా అన్ని ఆకుల్లాగే తడిసేది. వాన పడితే ముద్దయిపోయి, ఎండ కాసేదాకా వేలాడుతుండేది.

ఆ కాలంలో సుంకులవ్వ అని ఒకామె. ఆమె పెరట్లో ఒక చిక్కుడు పాదు, మూలన ఒక చేమ మొక్క. ఒక ఏడు వానల్లేక బావి ఎండిపోయింది. ఏటి చెలమ నుంచి అవ్వ రోజుకు రెండు కడవలు మోసుకొచ్చేది. తాగడానికి, వంటకి, అంట్లకి సరి. చిక్కుడుకు చుక్క మిగిలేది కాదు.

"మా అమ్మ ఇచ్చిన విత్తనం. ఈ పాదు ఎండితే మళ్లీ ఎక్కడ తెచ్చుకునేది?" అని అవ్వకు ఒకటే దిగులు.

అంట్లు కడిగిన నీళ్లు పారబోయ బుద్ధికాక, పాదులోనే పోసింది. బూడిద, కుంకుడు నురగ, జిడ్డు, అన్నీ అందులోనే. రెండ్రోజులకే ఆకులు పండిపోయాయి.

"అవ్వా, కడుపులో మంట!" అని ఏడ్చింది చిక్కుడు.

"ఆ నీళ్లు నాకియ్యి అవ్వా, నేను అరిగించుకుంటా" అంది చేమ.

"అబ్బో, జిడ్డు తాగే సోకు చూడు!" అంత బాధలోనూ చిక్కుడు వెక్కిరించింది.

అవ్వ మనవలకు తలంటు పోసినట్టు చేమ నెత్తినే కుమ్మరించింది. ఆకులకు మెతుకులు అతుక్కుని, ఊపిరాడక వాలిపోయాయి.

"నాకు తలంటమని ఎవరడిగారవ్వా? నా నోరు కాళ్ల దగ్గరుంది!"

అవ్వ నవ్వుకుని, చిన్న కాలువ తవ్వింది. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక పరిచి, మూలనున్న చేమను తెచ్చి అందులో నాటింది. నీళ్లు ఈ కొసన పోస్తే రాళ్ల సందుల్లో మెల్లగా నడిచేవి. జిడ్డును ఇసుక పట్టేది, మురికిని చేమ వేళ్లు తినేవి. ఆ కొసన గుంటలో తేటనీళ్లు ఊరేవి. అవి చిక్కుడుకు పెడితే మళ్లీ చిగురేసింది.

ఒక తేనెటీగ వచ్చి ఆ గుంటలో వాలి కడుపారా తాగింది. "ఊరంతా తిరిగినా చుక్క దొరకలేదు. నీకేం కావాలి చేమా?"

"అవ్వ పోసినప్పుడల్లా ఆకులమీద జిడ్డు చింది అంటుకుంటోందమ్మా."

"అంతేనా!" అని తేనెటీగ ఆకులన్నిటికీ పలచగా మైనం పూసింది. మర్నాడు చిందిన చుక్కలు గుండ్రంగా చుట్టుకుని జారి కాళ్ల దగ్గర పడ్డాయి.

ఆ ఏడు అవ్వ దోసెడు చిక్కుడు గింజలు ఎండబెట్టి దాచింది.

అప్పటినుంచే చేమాకు మీద నీళ్లు నిలవవు. అంట్ల నీళ్లు పారేచోట చేమ అంత నవనవలాడేదీ అప్పటినుంచే.