మూడో గది ముందు బల్ల

ఆ రాజ్యంలో జనం చూడచక్కనివాళ్లు. రాజుకి అదే గర్వం. ఎవరి ఒంటి మీదైనా మచ్చ కనబడినా, ఎవరి మాడైనా పలచబడినా ఆయన మనసు మనసులో ఉండేది కాదు. అందుకని ఒక వైద్యురాలిని పిలిపించి, బజారు వీధిలో ఒక పెంకుటిల్లు ఇచ్చాడు.

"జబ్బులకి మూలమేమిటో వెతుకు. ఏడాది గడువు," అన్నాడు.

ఆమె మూడు గదులు సిద్ధం చేసింది. మొదటిది చర్మానికి, రెండోది జుట్టుకి. మూడో గది తలుపు మీద ఇలా రాయించింది: "కాన్పుల వల్ల కటి కండరాల పట్టు సడలినవాళ్లు, దగ్గితే తుమ్మితే మూత్రం జారేవాళ్లు, పొత్తికడుపు అడుగు నుంచి ఏదో కిందికి దిగుతున్నట్టుండేవాళ్లు రావచ్చు."

మొదటి గదికి జనం విరగబడ్డారు. తామర, మంగు, బొల్లి ఉన్నవాళ్లు వచ్చి చేతులు చాపి, వీపులు తిప్పి చూపించారు. రెండో గదికి పేనుకొరుకుడు వాళ్లు వచ్చారు, రాలిన వెంట్రుకల్ని పొట్లం కట్టి తెచ్చినవాళ్లూ వచ్చారు. ఆమె అందరినీ అవే ప్రశ్నలు అడిగింది. ఒకే లేపనం ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదో ఓపిగ్గా పోల్చి చూసింది. ఆ రెండు గదుల్లో పని ముందుకి సాగింది.

మూడో గదికి ఎనిమిది నెలలైనా ఒక్కరూ రాలేదు.

మంత్రి చూడటానికి వచ్చాడు. "రోగి లేని చోట రోగమెక్కడిది? వచ్చే నెల నుంచి ఈ గదినీ జుట్టుకే ఇచ్చేద్దాం," అన్నాడు.

"లేకపోతే సంతోషమే. లేదని ముందు తెలియాలి కదా, అయ్యా."

"ఎవరూ రాలేదుగా. ఇంకేం తెలియాలి?"

ఆ రోజు నుంచి ఆమెకి కాలు నిలవలేదు. మధ్యాహ్నాలు వీధులు పట్టుకుని తిరిగింది. పెళ్లి పందిట్లో ఒకావిడ పకపకా నవ్వుతూ చటుక్కున ఆగిపోయి మోకాళ్లు దగ్గరికి తీసుకుంది. కోతకొచ్చిన ఆడకూలీలు మండుటెండలో కూడా గొంతు మాత్రం తడుపుకుని చెంబు పక్కన పెట్టేశారు. ఒక ఇంట్లో జాతరకి బండి కడితే ముగ్గురు కోడళ్లూ, అత్తా తలనొప్పంటూ ఇంట్లోనే ఉండిపోయారు. ఆమె దగ్గరికెళ్లి అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఏం లేదమ్మా, కాస్త నడుం నొప్పి."

తిరిగొచ్చి మూడు గదుల మధ్యా పచార్లు చేసేది. కళ్లెదుటే ఉన్నదాన్ని చేత్తో తాకలేకపోవడం ఆమెని తినేస్తోంది.

ఒక పొద్దున ఏటి ఒడ్డుకి వెళ్లింది. అక్కడ ఇరవై ఏళ్లుగా ఊరందరి బట్టలూ ఉతుకుతున్న ఆవిడ బండ మీద చీర జాడిస్తోంది.

"అక్కా, నీకు తెలియకుండా ఉండదు. ఈ ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లకి ఈ బాధ ఉంది? పేర్లొద్దు, లెక్క చెప్పు చాలు."

ఉతికే ఆవిడ చీర పిండి పక్కన వేసింది. "బట్టలు నాతో చెప్పుకున్న మాట నేను ఇంకొకరితో అననమ్మా."

"చెప్పకపోతే ఎలా కనుక్కోను?"

"ఇంతదూరం నడిచొచ్చారు. ఆ రాయి మీద కూర్చోండి."

"ఫరవాలేదు, నిలబడతాను."

"మీరెప్పుడూ నిలబడే ఉంటారు. మీ ఇంటి బట్టలూ నా దగ్గరికే వస్తాయమ్మా," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

వైద్యురాలు వెళ్లి ఆ రాయి మీద కూర్చుంది. తనకి ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత మొదలైన బాధ. ఊరందరినీ అడిగిన ప్రశ్న తనని తాను ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

మర్నాడు మూడో గది ముందు ఒక బల్ల వేయించింది. పొద్దెక్కి బజారు నిండాక వచ్చి, ఆ బల్ల మీద రోగిలా కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు. ఒకడు నవ్వాడు. మంత్రి మనిషి వచ్చి, "లోపల ఎవరికి బాగాలేదు?" అని అడిగాడు.

"లోపల కాదు. నాకే," అంది. సాయంత్రం దాకా కదల్లేదు.

రెండో రోజు ఉతికే ఆవిడ మూట దింపి పక్కన కూర్చుంది. మధ్యాహ్నానికి కూలి పనికెళ్లే ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. మూడో రోజుకి బల్ల చాలక ఆడవాళ్లు అరుగు మీదా, మెట్ల మీదా కూర్చున్నారు.

బజారు ఆగిపోయిందని విని, మంత్రిని వెంటబెట్టుకుని రాజే వచ్చాడు. కోప్పడబోయి, మెట్టు మీద కూర్చున్న ఒక ముసలావిడని చూసి ఆగిపోయాడు.

"అమ్మా, నువ్విక్కడేమిటి?"

"నీ వయసెంతో నా జబ్బు వయసూ అంతే, నాయనా," అంది రాజమాత.

రాజు చుట్టూ చూశాడు. వీధంతా తమనే చూస్తోంది. గొంతు తగ్గించి, "ఈ తలుపు మూయించి పెరటి వైపు ఇంకొకటి పెట్టిస్తాను. ఎవరి కంటా పడకుండా రావచ్చు," అన్నాడు.

"నలభై ఏళ్లు పెరటి దారినే నడిచాను. ఇక చాలు," అని ఆవిడ వైద్యురాలివైపు తిరిగింది. "మందుందా తల్లీ?"

"ఇంకా తెలియదమ్మా. వెతకడం ఇవాళే మొదలవుతోంది."

వైద్యురాలు లేచి తలుపు తీసింది. మంత్రి ముందుకొచ్చి రాజమాతకి దారి ఇమ్మని జనాన్ని పక్కకి జరపబోయాడు.

ఉతికే ఆవిడ లేచి చీర సర్దుకుంది. "ముందొచ్చింది నేను," అని లోపలికి నడిచింది.

రాజమాత మెట్టు మీంచి లేచి, బల్ల మీద ఖాళీ అయిన చోట కూర్చుంది. పక్కనున్న కూలీ మనిషి ఆమె కోసం అర జానెడు జరిగింది. రాజు ఎక్కడ నిలబడాలో తెలియక ఎండలోనే నిలబడ్డాడు.