చుక్క పెడితే కనపడదు

మా ఊళ్ళో తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉందని ఆ ఇంటివాళ్ళే చెప్పుకునేవాళ్ళు. వాళ్ళు అన్నదమ్ములు గవరయ్య, సింహాద్రి. "చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం, సొంత కవిత్వం కలపం" అని గవరయ్య మీసం దువ్వేవాడు. నిజమే, కలిపేవాడు కాదు. కలిపినా బాగుండేది.

చెల్లెలు హైమ మొగుడు త్రినాథ్ ఆ ఇంట్లోనే ఉండి కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడు. బొమ్మలూ రంగులూ ఏమీ ఉండవు, నల్లటి తెర మీద అక్షరాలు కొట్టడమే. ఆ తెర తన మాట వినేలా ఏళ్ళ తరబడి సెట్టింగులు రాసుకుని చిన్న చిన్న ఫైళ్ళలో దాచుకున్నాడు. ఒకసారి భార్యాభర్తలిద్దరూ పెళ్ళికి బయల్దేరుతుంటే త్రినాథ్ తన కంప్యూటర్‌ని బావమరుదులకి అప్పగించాడు.

"బావగారూ, నా ఫైళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. సోమవారం ఆఫీసువాళ్ళకి పని చూపించాలి. ఇది పోతే నా ఉద్యోగం పోయినట్టే."

"ఏవీ, ఓసారి చూపించండి" అన్నాడు గవరయ్య.

"కనపడవు బావగారూ. ఒక్కో ఫైలు పేరు ముందు చుక్క పెట్టాను. చుక్క పెడితే కనపడదు."

అంతే. బస్సు కదిలిందో లేదో కాటుక బరిణె బయటికొచ్చింది. ముందు పరీక్ష చేయాలి కదా! అరటిపళ్ళ గెలకి కాటుక చుక్క పెట్టి అరుగు మీద ఉంచి లోపలికెళ్ళారు. వచ్చేసరికి గెల లేదు. పక్కన ఎదురింటి ఆవు నెమరేస్తోంది.

"కనపడటం లేదన్నయ్యా!" అన్నాడు సింహాద్రి.

"మరి బావగారు చదువుకున్నోరు" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! కంప్యూటర్‌కి దొంగల భయం లేకుండా నిండుగా ఓ చుక్క పెట్టి, అరుగు మీద ఉంచి, భోజనానికి కూర్చున్నారు. పాత సామాన్లు తీసుకుని ఉల్లిపాయలిచ్చేవాడు వచ్చాడు, పిలిచాడు, ఎవరూ పలకలేదు. కంప్యూటర్ బండిలో వేసుకుని, ధర్మాత్ముడు, ఉల్లిపాయలు పోసి వెళ్ళాడు.

"కంప్యూటర్ కనపడటం లేదు. ఉల్లిపాయలు కనపడతన్నాయేటి?" అన్నాడు సింహాద్రి.

"వాటికి చుక్క పెట్టలేదు కదరా" అన్నాడు గవరయ్య.

ఆదివారం త్రినాథ్ ఒక్కడే ముందుగా వచ్చాడు. హైమ పెళ్ళివారింట్లో ఆగింది. అతను అరుగంతా వెతికాడు, ఊరంతా తిరిగాడు, చివరికి ఉల్లిపాయల పక్కన కూలబడి భోరుమన్నాడు. "అయిపోయింది బావా. రేపు ఆఫీసువాళ్ళు నన్ను తీసేస్తారు." ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయాడు.

అన్నదమ్ములు అతని మీద దుప్పటి కప్పారు. తెలివి లేకపోవచ్చు గానీ వాళ్ళకి ప్రేమ మాత్రం బోలెడు.

"తీసెయ్యాలంటే ముందు మనిషి కనపడాలి కదన్నయ్యా?" అన్నాడు సింహాద్రి.

గవరయ్య కాటుక తెచ్చి నిద్రపోతున్న త్రినాథ్ నుదుటన చుక్క పెట్టాడు. చూశాడు. ఇంకా కనపడుతున్నాడు.

"తప్పు మనదేరా. పేరు ముందు పెట్టమన్నారు, మనం మొహం మీద పెట్టాం" అన్నాడు.

పేరు ముందు చుక్క ఎలా పెడతారు? ఇద్దరూ ఆలోచిస్తూ గోడకేసి చూశారు. గోడ మీద దండ వేసిన తండ్రి ఫొటో, కింద 'కీ.శే. అప్పలస్వామి' అని ఉంది.

"ఒరే! నాన్న పేరు ముందు రెండు చుక్కలున్నాయి" అన్నాడు గవరయ్య.

"అందుకే నాన్న కనపడటం లేదు!" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది! త్రినాథ్ ఫోను తీసి ఆఫీసుకి సందేశం పంపారు: 'కీ.శే. త్రినాథ్ గారు రేపటి నుంచి కనపడరు.' క్షణాల్లో జవాబులు వచ్చాయి. అందరూ దండాలు పెడుతున్నారు, మంచి మనిషి అంటున్నారు. తీసేస్తామని ఒక్కడూ అనలేదు.

"ఉద్యోగం నిలబడింది" అని గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అయినా ఆఫీసువాళ్ళు వెతుక్కుంటూ వస్తారేమోనని, భద్రత కోసం రాత్రికి రాత్రే పెద్ద ఫ్లెక్సీ కొట్టించి, త్రినాథ్ ఫొటోతో బస్టాండులో కట్టారు.

సోమవారం పొద్దున్న హైమ బస్సు దిగింది. ఫ్లెక్సీ చూసింది. చేతిలో సంచి జారిపోయింది.

"కంగారు పడకమ్మా" అన్నాడు గవరయ్య, నిచ్చెన పట్టుకుని నవ్వుతూ. "చుక్కలు రెండూ నేనే దగ్గరుండి పెట్టించాను."