బాగుందన్నాకే కళ్ళు

గుండ్లకొండ అని పేరే గానీ అదేమంత కొండ కాదు. ఏనుగుల మంద పడుకున్నట్టు పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, కింద ఒక ఏరు, అంతే. కానీ అక్కడి జంతువులకు ఉన్న సరదా మాత్రం ఇంకే అడవిలోనూ లేదు. ఏటా తొలకరికి ముందు అవి వేషాల పండగ చేసుకునేవి. ఆ ఒక్కరోజూ ఎవరికి ఇష్టమైన వీరుడిగా వాళ్ళు మారిపోవచ్చు. కుందేలు సేనాపతి కావచ్చు, తాబేలు గుర్రపు రౌతు కావచ్చు, అడ్డు చెప్పేవాడు లేడు. కట్టుబాటు ఒక్కటే. ముందుగా ఆ వీరుడి బొమ్మ గీయించుకోవాలి. పండగనాడు ఆ బొమ్మలో ఉన్నదున్నట్టుగా వేషం కట్టి ఏటి ఒడ్డున అందరి ముందూ నడవాలి.

ఆ బొమ్మలు గీసేది చారలక్క అనే ఉడుత. ఎండు మోదుగాకులు కుట్టిన పలక మీద, పువ్వులూ ఆకులూ నూరిన రంగులతో గీసేది. కుంచె కోసం ఎక్కడికీ పోయేది కాదు. తన తోకలోంచే పది వెంట్రుకలు పీక్కుని పుల్లకు కట్టుకునేది. ఒక కుంచె ఒక బొమ్మకే సరి, ఆ తర్వాత అరిగిపోయేది. ఆకు పలక రంగును పీల్చేసుకుంటుంది కాబట్టి వేసింది చెరపడానికి వీల్లేదు. మార్పు కావాలంటే మళ్ళీ కొత్త పలక, కొత్త కుంచె, మళ్ళీ పది వెంట్రుకలు. అంతా అయ్యాక చివర్న కళ్ళు దిద్దేది. కళ్ళు పడ్డాయంటే బొమ్మ పూర్తయినట్టు. ఇంత పనికీ కూలి ఒక దోసెడు వేరుశెనక్కాయలు.

చారలక్క చేతిలో గొప్ప పనితనం ఉంది గానీ నోట్లో "కుదరదు" అన్న మాట లేదు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు నక్క జంబయ్య.

"అక్కా, నాకో వీరుణ్ణి గియ్యాల," అంటూ ఒకనాడు దోసెడు కాయలతో వచ్చాడు. "పేరు పిడుగు మారన్న. చేతిలో గండ్రగొడ్డలి, ఒంటిమీద ఎర్రచొక్కా. ఎదురొస్తే పులి కూడా పక్కకు తప్పుకోవాల."

రెండు రోజులు కూర్చుని గీసింది చారలక్క. కళ్ళు దిద్దబోతుంటే జంబయ్య పరిగెత్తుకొచ్చాడు.

"అబ్బబ్బ, ఏం చెయ్యక్కా నీది! ఒక్క చిన్న మార్పు. నెత్తిన రెండు కొమ్ములు పెడితేనో?"

"నక్కకు కొమ్ములేంది జంబయ్యా?"

"వీరుడక్కా! వీరుడికి ఏవైనా ఉంటయ్యి. నీకు తెలీనిదేముంది!"

"మరి ఈ బొమ్మో?"

"ఇది కళ్ళెదురుగా ఉంటే నీ మనసు కష్టపడతాది. నేను తీసకపోయి యాడన్నా పారేస్తాలే."

ఎంత మంచివాడో అనుకుంది చారలక్క. కొమ్ములతో ఇంకో బొమ్మ గీసింది. జంబయ్య వచ్చి అటు చూశాడు, ఇటు చూశాడు. కొమ్ములు మరీ బరువైపోయాయట, ఒళ్ళంతా చారలూ మూతికి పొడుగు మీసాలూ ఉంటే బాగుంటుందట. సరేనని అదీ గీస్తే, చారలు వద్దులే, గడ్డం కింద పిలకగడ్డం పెట్టు అన్నాడు. నాలుగోసారి గడ్డమూ నచ్చలేదు.

"చివరాకరికి ఒక్కటంటే ఒక్క మార్పక్కా. పొడుగాటి చెవులు!"

ప్రతిసారీ పాత బొమ్మను చంకన పెట్టుకుని పోయేవాడు. చారలక్క తోక వైపు చూసుకుంటే ఒకప్పుడు కుచ్చులా ఉన్నది కాస్తా ఈనెపుల్ల అయింది. అయినా కాదనలేక, రేపు మొదలుపెడతానంది.

ఉడుతకు తోక అంటే అందం ఒక్కటే కాదు. గెంతేటప్పుడు పట్టు, వానలో గొడుగు, చలిలో దుప్పటి. మర్నాడు పొద్దున రేలచెట్టు కొమ్మ మీంచి వేప కొమ్మ మీదికి గెంతబోయి చారలక్క గాల్లోనే తిరగబడింది. అదృష్టం బాగుండి కింద గేదె పోలమ్మత్త మేస్తోంది. ఆమె వీపు మీద పడింది కాబట్టి బతికింది. రెండు అడుగులు అవతల పడితే బండే.

"ఏందే పిల్లా, కాయ రాలినట్టు రాలావు?"

"తోక పట్టు తప్పిందత్తా."

పోలమ్మత్త మెడ తిప్పి చూసి గుండెలు బాదుకుంది. "ఇది తోకంటే? తొలకరి రాబోతాంది, ఏం కప్పుకుంటావే? ఇంకోసారి పడితే నేనుంటానా కింద? ఎవురు చేశారే నిన్నిట్టా?"

"ఎవరూ చెయ్యలేదు, నేనే పీక్కున్నా. జంబయ్య బొమ్మ ఒక పట్టాన కుదరడంలా."

"జంబయ్యకు నువ్వు బొమ్మ గియ్యడమేంది? వాడే గీస్తన్నాడుగా! నాకూ ఒకటిచ్చాడు. దానికోసం పది రోజులు వాణ్ణి వీపుమీద ఎక్కించుకుని ఏరు దాటించా. రా, చూద్దువుగాని."

పోలమ్మత్త కొట్టం దగ్గర రాతికి ఆనించి ఉంది బొమ్మ. గండ్రగొడ్డలి, ఎర్రచొక్కా, నెత్తిన చక్కటి కొమ్ములు. కళ్ళు మాత్రం జంబయ్య స్వయంగా పెట్టినవి. ఒక కన్ను కొండకేసీ ఒకటి ఏటికేసీ చూస్తున్నాయి.

"చారలున్నది అడవిపిల్లి కొనుక్కుంది. గడ్డమున్నది మేకపోతు దగ్గరుంది," అని పోలమ్మత్త చెబుతుంటే చారలక్కకు అంతా అర్థమైంది. జంబయ్యకు నచ్చకపోవడం కాదు, ఊరందరి బేరాలూ వాడు ముందే ఒప్పుకుని, వాళ్ళకు కావలసినవన్నీ మార్పులన్న పేరుతో తన దగ్గర గీయించుకుంటున్నాడు. దోసెడు కాయలకు నాలుగు బొమ్మలు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మెల్లకళ్ళు చూస్తే మాత్రం ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు.

"ఇంక కుంచె ముట్టనత్తా," అంది చివరికి.

"నువ్వు మానేస్తే పండగేం కావాల? పని మానొద్దు, పనికో హద్దు పెట్టు."

"అయితే ఇదే హద్దు. ఒకసారి గీస్తే గీసిందే. ఎవరేం చెప్పినా మార్చేది లేదు!"

ఆ మాట సాయంత్రానికల్లా కొండంతా పాకింది. నోట్లో "కుదరదు" అన్న మాట వచ్చినందుకు చారలక్కకు ఒళ్ళు తేలికైనట్టనిపించింది. రెండు రోజులు దర్జాగా కూర్చుంది. మూడోరోజు చూస్తే తాబేలు కూర్మయ్య తాత బొమ్మ పట్టుకుని బండ చాటున నిలబడి ఉన్నాడు. ముందుకు రాడు, వెనక్కి పోడు.

"ఏంది తాతా, ఏమైంది?"

"ఏం లేదు తల్లీ. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే నా గుర్రానికి కాళ్ళు మూడే ఉన్నయ్యి."

చారలక్క లాక్కుని చూసింది. నిజమే, మూడే! జంబయ్య పని తొందరలో నాలుగో కాలు మరిచిపోయింది.

"మరి మొన్ననే చెప్పలేదేం తాతా?"

"మార్చనన్నావంటగా. పర్లేదులే, నాకు నిదానంగా పోయే గుర్రమే కావాల."

చారలక్కకు సిగ్గుతో ముఖం ఎత్తాలనిపించలేదు. జంబయ్య మీద కోపంతో కట్టిన గోడ పోయి పోయి కూర్మయ్య తాతకు అడ్డం పడింది. జంబయ్యకు జరిగిన నష్టమేమీ లేదు. అప్పటికప్పుడు కూర్చుని కొత్త పలక మీద నాలుగు కాళ్ళ గుర్రాన్ని గీసిచ్చింది. తన తప్పుకు పది వెంట్రుకలు పోయినా ఆమెకు బాధనిపించలేదు.

మర్నాడు అందరినీ ఏటి ఒడ్డుకు పిలిచింది. ఈసారి పోలమ్మత్తతో కలిసి ఆలోచించుకుని వచ్చింది.

"ముందు బండ మీద బొగ్గుతో గీసి చూపిస్తా," అంది. "అప్పుడు రెండు మార్పులు చెప్పుకోండి, సంతోషంగా చేస్తా. బాగుందని మీ నోటితో అన్నాకే పలక మీద రంగేస్తా, మీ ఎదుటే కళ్ళు దిద్దుతా. ఆ తర్వాత మనసు మారితే అది కొత్త బొమ్మ, దానికి మళ్ళీ కూలి. మీరు చెప్పింది ఒకటై నేను గీసింది ఇంకోటైతే మాత్రం ఎన్నిసార్లైనా ఉత్తినే మళ్ళీ గీసిస్తా. తప్పు నాది కాబట్టి."

"తప్పు ఎవురిదో ఎట్టా తేలుద్ది?" అంది మేకపోతు.

"అందుకే పలుకులమ్మ వదిన నా పక్కనే ఉంటాది." పలుకులమ్మ అంటే రామచిలక. ఒక్కసారి వింటే దగ్గుతో సహా అప్పజెబుతుంది.

జంబయ్య గుంపు వెనకాల నిలబడి అంతా విన్నాడు. అందరికన్నా గట్టిగా మెచ్చుకున్నాడు. అప్పటికే కుందేలు దగ్గరా ముళ్ళపంది దగ్గరా అడవికోడి దగ్గరా బేరం ఒప్పుకుని, వాళ్ళిచ్చిన ఈతపళ్ళు తినేసి ఉన్నాడు. ముగ్గురికీ బొమ్మలివ్వాలి. రెండు మార్పులంటే మొత్తం మూడు బొమ్మలేగా, సరిగ్గా సరిపోతాయి అనుకున్నాడు.

అందరికన్నా ముందు వెళ్ళి తన బొమ్మ అడిగాడు. జంతువులన్నీ చూస్తుండగా చారలక్క బొగ్గుతో పిడుగు మారన్నకు పొడుగు చెవులు పెట్టింది.

"బాగుంది గానీ అక్కా, చెవులు తీసేసి వీపున ముళ్ళు పెట్టు. ఈ చెవుల బొమ్మ నేను తీసకపోయి..." అంటూ జంబయ్య చెయ్యి చాచాడు.

"తీసకపో," అని చారలక్క బండను చూపించింది. ఏనుగంత బండ! జంబయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకునేలోపే తడి ఆకుతో చెవులు తుడిచేసి ముళ్ళు గీసేసింది.

జంబయ్య కొత్త ఎత్తు వేశాడు.

"ఇదేందక్కా! నేను మొదట చెప్పింది రెక్కలైతే నువ్వు చెవులు పెడితివి. తప్పు నీదే. ఉత్తినే రెక్కలు పెట్టాల."

చారలక్క కొమ్మ వైపు చూసింది. పలుకులమ్మ రెక్కలు సర్దుకుని అచ్చం జంబయ్య గొంతుతో అందుకుంది. "అక్కా, నాకు పొడుగు చెవులు పెట్టు. ఖళ్ ఖళ్. తొందరగా కానియ్యి. ఆ కుందేలు పిల్ల పొద్దున్నించీ పీక్కు తింటాంది. ముళ్ళపందికీ అడవికోడికీ మార్పులని చెప్పి లాగుదాం."

ఎవరూ వినలేదనుకుని గొణుక్కున్న మాటలు! ఒడ్డున ఉన్నవాళ్ళంతా పక్కున నవ్వారు. కుందేలూ ముళ్ళపందీ అడవికోడీ మాత్రం నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని జంబయ్య దగ్గరికి జరిగారు.

"నీకింకా ఒక మార్పుంది జంబయ్యా," అంది చారలక్క శాంతంగా. "చెప్పు."

ముగ్గురూ ముట్టడించి నిలబడితే జంబయ్యకు బుర్ర పనిచెయ్యలేదు. ఒక్క బొమ్మతో ముగ్గురి నోళ్ళూ మూయించాలి. "మూడూ పెట్టు!" అని అరిచాడు. "చెవులూ ముళ్ళూ రెక్కలూ, మూడూ!"

చారలక్క మూడూ గీసి చూపించింది. "దీన్ని ఒకటే మార్పనుకుంటా. బాగుందా?"

"బాగుంది, బాగుంది!"

"బాగుంది, బాగుంది!" అని పలుకులమ్మ గుర్తుపెట్టుకుంది.

చారలక్క అక్కడే పలక మీద రంగులేసి, కళ్ళు దిద్దింది. అంత ముచ్చటైన కళ్ళు ఆమె ఎన్నడూ దిద్దలేదు. బొమ్మలో నక్క భయపడుతూ మూడు వైపులా ఒకేసారి చూస్తున్నట్టుంది.

"ఇదుగో, చెవులు నీవి," అంటూ జంబయ్య కుందేలుకు చూపించాడు. "ముళ్ళు నీవి. రెక్కలు నీవి."

"అయితే నేను ముళ్ళతో నడవాల్నా?" అని కుందేలు ఎగిరిపడింది. "ఇది నీ బొమ్మ. బాగుందన్నది నువ్వు. మా బొమ్మలు మాకు కావాల!"

"ముగ్గురికీ నేనే గీసిస్తా," అంది చారలక్క. "కాకపోతే కుంచెలకు..." అని తన తోక వైపు చూసుకుంది. అందరూ ఆమె తోక చూశారు. ఆ తర్వాత ఒక్కసారిగా జంబయ్య తోక చూశారు. దట్టంగా, ఒత్తుగా, నిగనిగలాడుతూ ఉంది.

"మూడు బొమ్మలకు మూడు కుంచెలు," అంది పోలమ్మత్త. "కూచో జంబయ్యా, గట్టిగా పట్టుకుంటాంలే."

జంబయ్యకు కూర్చోక తప్పలేదు. ముప్పై వెంట్రుకలు, ఒక్కొక్కటీ "అమ్మా" అనిపించి మరీ వచ్చాయి. నక్క తోక కుంచె ఉడుత తోక కుంచె కన్నా చక్కగా సాగుతుందని ఆరోజే తెలిసింది. మరుసటి ఏటి నుంచి బొమ్మ కావలసినవాళ్ళు కుంచె వెంట్రుకలు కూడా తెచ్చుకోవాలని అందరూ ఒప్పుకున్నారు. అది చారలక్క అడగలేదు, వాళ్ళకే తోచింది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పండగనాడు ఏటి ఒడ్డున కుందేలు సేనాపతి వచ్చాడు, కూర్మయ్య తాత రౌతై వచ్చాడు. చిట్టచివర పిడుగు మారన్న బయల్దేరాడు. నడిస్తే తాటాకు చెవులు కళ్ళకు అడ్డం పడుతున్నాయి, గాలి వీస్తే రెక్కలు పక్కకు లాగుతున్నాయి, అలిసిపోయి కూర్చుందామంటే వీపునిండా తుమ్మముళ్ళు. కోతులు ఈలలు వేస్తుంటే పడుతూ లేస్తూ చివరిదాకా నడిచి, బురదలో బోర్లా పడ్డాడు. ఆ ఏడు చప్పట్లన్నీ జంబయ్యకే.

నీతి: ఇద్దరికీ సమ్మతమైన హద్దులు పని మొదలుపెట్టక ముందే చెప్పుకుంటే, మంచివాడికి న్యాయం దక్కుతుంది, మాయగాడికి దారి దొరకదు.